నీళ్ళ కాపలా

పర్లాకిమిడిలో మా కొట్టు
చిన్నరైలు స్టేషను వెనక.
బోర్డు మీద ఒడియా, లోపల తెలుగు.
తాళాలు, స్టవ్వు బర్నర్లు, లైసెన్సున్న తుపాకులు
అన్నీ ఒక్క బల్ల మీదే.

నాన్న గురవాచారి
పని చేస్తూ ఇనుముని తిట్టేవాడు.
"దీన్ని ఎర్రగా కాల్చి నీళ్ళల్లో ముంచితే
బిర్రబిగిసిపోద్ది, పొగరు.
ఇత్తడి అలాక్కాదే గుంటా.
అదే నిప్పు, అవే నీళ్ళు,
ఇది మెత్తబడతాది."

చోళ్ళు కంకి తొడిగే ముందు
సుక్రా శబరో కొండ దిగొచ్చేవాడు,
తువ్వాలు మూటలో తూటా గుల్లలు.
పందుల కాపలాకి ఒంటిగొట్టం తుపాకి,
వాళ్ళ తాత పేరు మీదున్న కాయితం.
పేల్చి, నింపి, మళ్ళీ పేల్చి
గుల్లల మూతులు పెళుసెక్కిపోయేవి.
ఆ ఏడు తెచ్చిన పదమూడింట్లో ఒకటి
చలికాలం పెదవిలా చిట్లి ఉంది.
నాన్న దాన్ని సుక్రా చేతిలోనే పెట్టాడు:
"ఇది సచ్చిపోయింది బావూ.
పన్నెండు బతికిస్తాను."

ఈ పనికి చీకటి కావాలి.
తలుపు మూసి, లాంతరు ఆర్పి,
సత్తు పళ్ళెంలో నీళ్ళు పోసి
గుల్లల్ని వరసగా నిలబెట్టేవాడు.
నడుం దాకా తడి, మూతులు బయట,
కార్తీకంలో మహేంద్రతనయలో దిగిన
ముసలమ్మల్లా.

"మూతి మెత్తబడాల.
అడుగు మాత్రం బిర్రుగుండాల.
అడుగు మెత్తబడితే
పేలిన మందు ఎనక్కొస్తాది,
మనిషి కంట్లోకి."

మంట నాన్నది. నీళ్ళు నావి.
ఆవిరైనంతా చెంబుతో పోస్తూండాలి, అంతే.
ఇత్తడి మీద నీలం పాకేది,
ఆ తర్వాత ఉందో లేదో అన్నంత ఎరుపు.
అదిగో అనేలోపే
కడ్డీతో తోసేవాడు.
చుయ్.

నాకు పదకొండేళ్ళు.
ఏడో చుయ్ విన్నాను.
పదో చుయ్ విన్నాను.
మధ్యలో ఏమైందో
నౌపడా బండి కూతకి కళ్ళు తెరిస్తే
పళ్ళెం అడుగున వేలెడు తడి కూడా లేదు.
చప్పుడు కాకుండా చెంబు వంచాను.
నాన్న కళ్ళు మూతుల రంగు మీదే ఉన్నాయి.

తెల్లారితే గుల్లలు ఎంత అందంగా ఉన్నాయని!
పన్నెండింటికీ ఒకే మెరుపు,
ఒకే నీలం చార.
సుక్రా వస్తాడు, మూట కడతాడు,
చెంపకి తుపాకి ఆనించి
ఒక కన్ను మూస్తాడు.
తెరిచి ఉంచే ఆ రెండో కన్నే
నన్ను నిద్రపోనివ్వలేదు.
చద్దన్నం దగ్గర చెప్పేశాను.

"ఏవి?"
"తెలీదు."
"ఎన్ని?"
"తెలీదు."

తిట్టలేదు. తిడితే బాగుండును.
చెయ్యి కడుక్కుని
పన్నెండింటినీ దాగలి మీదకి తెచ్చి
ఒక్కొక్కటే సుత్తితో చదును చేశాడు.
మంచివాటి చప్పుడు వేరుగా ఉంటుందేమోనని
చెవులు రిక్కించి విన్నాను.
అన్నీ ఒక్కలాగే అణిగాయి.

సుక్రా రేకుల్ని చూసి చాలాసేపు
గుమ్మంలో గొంతుక్కూచున్నాడు.
కొత్తవాటికి బరంపురం రాయాలి, రెండు నెలలు.
డబ్బు నేనే కడతానన్నాడు నాన్న.
పందులు ఆగుతాయా రెండు నెలలు?
ఆ పంటకాలమంతా సుక్రా
డాల్డా డబ్బా వాయించుకుంటూ మంచె మీదే ఉన్నాడట.
సగం చేను అవే తిన్నాయట.
నాన్న నాతో మాట్లాడ్డానికి
దసరా దాటింది.

పన్నెండు రేకుల్లో ఒకటి ఇప్పటికీ
నా కుట్టుమిషను కాలు కింద ఉంది,
ఎగుడుదిగుడు నేలకి సర్దుగా.
అది తడిసిందో, ఎండిందో.

మరుసటేడు సుక్రా వచ్చాడు.
మూట బల్ల మీద పెట్టి
నాన్న కేసి చూడకుండా నన్నడిగాడు:
"పాణి దేఖిబు తొ?"
చూస్తానన్నాను.
చెంబు నింపుకొచ్చేసరికి సగం నీళ్ళు
నా పాదాల మీదే ఒలికిపోయాయి.
మళ్ళీ వెళ్ళి నింపుకొచ్చాను.
అప్పటికే నాన్న
లాంతరు ఆర్పేశాడు.